మూడో గుండిగ మూత

మా పెనుబల్లిలో జానీ మియా టెంట్ హౌస్ గోడకి ఒక నల్లబల్ల ఉంది. ఏ తారీఖున ఏ షామియానా, ఎన్ని వంట గుండిగలు ఏ ఊరికి పోతున్నాయో దాని మీద సుద్దతో రాస్తాడు. మా ఇల్లు ఎదురే కనుక ఎవరింట్లో ఎప్పుడు పెళ్లో నాకు వంటింటి కిటికీలోంచే తెలిసిపోతుంది.

ఆయన కూతురు జెబా కంప్యూటర్ చదువు పూర్తిచేసి కొట్టుకి వెబ్‌సైట్ తయారుచేసింది. తెలుగు సరిచూడమని నాకు చూపించింది. చీకటి తెర మీద ఎర్ర షామియానా మెల్లగా విచ్చుకుంటుంది. గుండిగలు వరసగా వచ్చి నిలబడతాయి. మూడో గుండిగ మూత మీద వేలు పెట్టి పైకి లాగితే లోపల్నుంచి దీపాలు వెలుగుతాయి. వాటి నడుమ ఫోన్ నంబరు.

"నంబరు పైనే ఉంటే ఏం పోయింది?" అన్నాను.

"అందం పోతదక్కా. కావాల్సినోళ్లు వెతుక్కుంటరు."

"కావాల్సినవాళ్లు పెళ్లి పనుల్లో ఉంటారు కదే."

జెబా నవ్వేసింది. ఆ సైట్‌ని డిజైన్ అవార్డుకి పంపితే చివరి పదిమందిలోకి వచ్చింది. అవార్డు వస్తే హైదరాబాద్ కంపెనీలు తమంతట తామే పిలుస్తాయట. కాకపోతే ఫలితాలు వచ్చేదాకా సైట్‌లో ఏదీ మార్చకూడదు, మారిస్తే పేరు తీసేస్తారు. ఆ మూడు వారాలూ పెళ్లిళ్ల కాలమే. "బిడ్డ ముచ్చట, కానియ్ హేమలతమ్మా," అంటూ జానీ మియా బల్ల తుడుచుకుని కూర్చున్నాడు.

ఫలితాలకి ఇంకా రెండు రోజులుందనగా, వ్రతానికి గిన్నెలు ఎంచుకోవడానికి కొట్టుకి వెళ్లాను. వ్రతం వచ్చే గురువారం, దానికి ఎర్ర షామియానా కావాలని అంతకు ముందురోజే చెప్పి ఉంచాను. ఒక్కో గిన్నెనీ వెలుతురుకి పట్టి చిల్లులు చూస్తుండగా, టేకులపల్లి అవతలి తండా నుంచి భీమ్లా అనే ఆయన బండి మీద వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా దుమ్ము.

"వచ్చే గురువారం నా బిడ్డ మంగ్లి పెండ్లి. మీ ఎర్ర టెంటు ఫోన్ల చూసింది. గదే కావాలంటది."

జానీ మియా బల్ల వంక చూశాడు. "నిన్ననే రాసేసిన భాయ్. ఒక్క ఫోన్ కొట్టకపోయినవా?"

"నంబర్ ఏది? నా బిడ్డ రెండ్రోజుల సంది తడుముతనే ఉంది. టెంటు విచ్చుకుంటది, గిన్నెలొస్తయి, మళ్ల టెంటే విచ్చుకుంటది. మీరు కిరాయికిస్తరా, చూపిచ్చి ఊకుంటరా అడుగుదామని వచ్చిన."

జెబా ఆయన ఫోన్ తీసుకుని మూత లాగి దీపాలు చూపించింది. ఆయన శ్రద్ధగా చూశాడు.

"మంచిగుంది బిడ్డా. గుండిగ మూత తీసి చూడాలని మాకెట్ల తెలుస్తది? అండ్ల అన్నముంటదనుకుంటం."

జెబా ముఖం చిన్నబోయింది. నావైపు తిరిగి, "అక్కా, మీకు నీలం టెంటు పర్వాలేదా?" అంది.

నీలం నాకు నచ్చదు. పర్వాలేదన్నాను. జానీ మియా బల్ల మీద పేర్లు తుడిచి మళ్లీ రాశాడు.

భీమ్లా వెళ్లగానే జెబా ల్యాప్‌టాప్ తెరిచింది. ఇన్నాళ్లూ నంబరు పైన పెట్టమని సతాయించిన నేనే, "ఎల్లుండి మార్చుకోవచ్చు కదే, ఇంత కష్టపడ్డావు," అన్నాను.

"ఎల్లుండి లోపల ఇంకొకరు ఇంత దూరం వస్తే?"

నంబరు అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో పెట్టింది. కోపంతో దీపాలూ తీసేసింది.

మర్నాడే మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా పేరు తీసేశారు, అప్పటిదాకా వేసిన మార్కులూ పంపారు. అందానికి పదికి తొమ్మిది. వాడటంలో సులువుకి కూడా తొమ్మిదే.

"మార్కులేసినోళ్లు ఒక్కరన్నా ఫోన్ చేసిన్రా బేటీ?" అని జానీ మియా అడిగాడు. అయినా ఆ మెయిల్‌ని ప్రింటు తీయించి, ఫ్రేమ్ కట్టించడానికి మడతపడకుండా దాచాడు.

సాయంత్రం నేను కొట్లో ఉండగానే ఫోన్ మోగింది. బేరమేమో అని ముగ్గురం చూశాం. జెబా స్పీకర్ నొక్కింది.

"నేను మంగ్లినక్కా. బాపు చెప్పిన దీపాలు వస్తలేవేంది? మా వదినలందరు చూస్తమని కూసున్నరు."

జెబా ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది.

"పది నిమిషాలాగు మంగ్లీ, పెడత. మూడో గుండిగ. మూత పైకి లాగాలె."

"ఆ ముక్క సైట్‌లో కూడా రాయి," అన్నాను.

రాసింది.