రేవులో వదిలేసిన తాడు

"పొద్దస్తమానం గుడ్డలు ఉతికే ఉద్యోగం నీది. ఇంట్లో కూడా చేత్తోనే ఉతుక్కుంటావు. మెషీన్ కొందామని దాచిన డబ్బు పట్టుకెళ్ళి ఎవరో కంప్యూటర్ ఆటలు చేసేవాళ్ళకి చందా ఇస్తావా? వింటే నలుగురూ నవ్వుతారు!"

ఆదివారం మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు.

"నవ్వనివ్వండి," అందామె చెప్పులు వేసుకుంటూ.

"ఇవాళ రాత్రి దాకా వెనక్కి తీసుకోవచ్చట. తీసేసుకో," అన్నాడు భర్త.

మంచం మీంచి అత్తయ్య తల తిప్పింది. "ఒరేయ్, నీ చొక్కాలు నువ్వు ఉతుక్కో. ఏ మెషీనూ అక్కర్లేదు."

"బాగుంది! నువ్వూ వంత పాడు."

ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు భర్తకి రాత్రి డ్యూటీలు. ఇంట్లో పాత కంప్యూటరొకటి ఉండేది. అందులోని సాహసాల ఆట అత్తాకోడళ్ళని కలిపింది. ఓడ దిగి, దీవంతా తిరుగుతూ, దొరికిన ప్రతి వస్తువునీ సంచిలో వేసుకోవాలి. మొదటి రేవులో కనబడిన తాడుని "దీంతో మనకేం పనే" అని అత్తయ్య వదిలేయించింది. తీరా చివర్లో లైట్‌హౌస్ ఎక్కడానికి ఆ తాడే కావలసివచ్చింది. తిట్టుకుంటూ మొదటినుంచీ ఆడారు. పైకెక్కి తలుపు తట్టగానే, మిగతా కథ రెండో భాగంలో అంటూ తెర నల్లబడింది. ఆ భాగం రాలేదు. కంపెనీయే మూతపడింది.

ఇన్నేళ్ళకి ఆ ఆట చేసినవాళ్ళే, నెరిసిన జుట్టుతో, తలో చెయ్యీ వేస్తే పూర్తిచేస్తామంటున్నారు. కళ్ళజోడు పైకి తోసి ఆ వార్త చదివిన అత్తయ్య, "తలుపు వెనకాల ఎవరుంటారంటావ్?" అని మాత్రం అడిగింది. ఆ పూటే కోడలు డబ్బు పంపేసింది.

ఆసుపత్రి లాండ్రీలో ఆమె పని జేబులు వెతకడం. తెల్లకోట్లు మెషీన్లలో పడేలోపు వేళ్ళు అడుగుదాకా పోనిచ్చి పెన్నులూ, తాళాలూ, నలిగిన చాక్లెట్లూ తీసి పెట్టాలి. ఇంట్లో చేత్తో ఉతికి నానిన ఆ వేళ్ళ కొనలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. ఊడిపోయిన గుండీలని మాత్రం ఎవరూ అడగరు. అవి అత్తయ్య బిస్కెట్ల డబ్బాలోకి పోతాయి. ఆటలో తాడు వదిలేసి దెబ్బ తిన్నాక అత్తయ్య దేన్నీ పారేయనివ్వలేదు.

ఈరోజు నీలం గుండీ ఒకటి దొరికింది. చూస్తే మురిసిపోతుంది అనుకుని కొంగున ముడేసుకుంటుంటే ఫోన్ మోగింది.

"అమ్మ పోయింది," అన్నాడు భర్త. "పడుకున్నది పడుకున్నట్టే."

చేతిలో ఉన్న కోటు జేబులు చివరిదాకా వెతికి పక్కన పెట్టి, ఆమె బయల్దేరింది.

సాయంత్రానికి అన్నీ ముగిశాయి. బంధువులు వెళ్ళిపోయారు. ఇంటివాళ్ళే మిగిలారు.

"ఇప్పుడైనా ఆ చందా వెనక్కి తీసుకో వదినా," అంది ఆడపడుచు. "ఆడే మనిషే లేదుగా."

ఆమె కొంగు ముడి విప్పింది. గొంతు పెంచలేదు.

"తీసుకోను. చందా ఇచ్చినందుకు, లైట్‌హౌస్ కాపలా మనిషికి పేరు పెట్టమని ఆట చేసేవాళ్ళు నన్నడిగారు. అత్తయ్య పేరు పంపేశాను. ఆట వచ్చాక ఆ తలుపు నేను తెరుస్తాను. ఆడుతున్నంతసేపు నన్నెవరూ పిలవకండి."

ఆడపడుచు ఏదో అనబోతే భర్త చెయ్యెత్తి ఆపాడు.

నీలం గుండీ వేద్దామని ఆమె డబ్బా మూత తీసింది. గుండీలన్నిటి మధ్యా, అత్తయ్య ఎప్పుడు దాచిందో ఏమో, చివర్లు రెండూ ముడేసిన జానెడు తాడుముక్క ఉంది.