నలభై చెంచాల డబ్బా

పిచ్చుకకి అసలు పేరు వేరే ఉంది. కానీ కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కతికి లేచిపోయే పిల్లని అమ్మ అలా పిలిచింది, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలిచే మనిషే లేదు. పిచ్చుక పురుడు ఇంకా నెల రోజులుందనగా అమ్మ పోయింది. ఒక స్టీలు డబ్బా మాత్రం మిగిల్చి పోయింది.

డబ్బాలో ఉన్నది బాలింతపొడి. మెంతులు, సోంపు, జీలకర్ర, పిల్లిపీచర వేళ్ళు దోరగా వేయించి కొట్టిన పొడి. అమ్మ ముప్పై ఏళ్ళు పిండిమరలో పనిచేసింది. ఆ చుట్టుపక్కల పాలు చాలని తల్లి ఎవరున్నా ఆవిడ పొడే వెళ్ళేది. చివరి నెలల్లో అమ్మ జబ్బుతో మంచం పట్టింది. కడుపుతో ఉన్న కూతుర్ని కదలొద్దని డాక్టరు మంచమెక్కించాడు. బస్సులో అరగంట దూరం, అయినా మాటలన్నీ ఫోనులోనే. చివరిచూపు కూడా దక్కలేదు.

"నలభై రోజులు, నలభై చెంచాలు. వేడి అన్నంలో మొదటి ముద్దకి కలుపుకో. వట్టి పొడి నోట్లో పోసుకుని భోజనం ఎగ్గొట్టావో, ఊరుకునేది లేదు," అని డబ్బా పంపిన రోజు అమ్మ ఫోనులో బెదిరించింది.

పిచ్చుక మాత్రం ఒక్క చెంచా కూడా తినలేదు. నలభై చెంచాలు అయిపోతే అమ్మ చేతిది ఇంకేమీ మిగలదని ఆమె బెంగ. రోజూ మూత తీసేది, వాసన చూసేది, మళ్ళీ బిగించేది. మొదటి ముద్ద లేదు కనుక రెండోదీ లేదు. లారీ నడిపే మొగుడు వారంలో రెండు రోజులుంటే గొప్ప. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం దేనికని టీలో బిస్కట్లు ముంచుకుని పూట గడిపేసేది. మూడు వారాల పాపకి పాలు చాలడం లేదు. రెండు గుక్కలు తాగి, రొమ్ము వదిలేసి, ముఖం ఎర్రబడేలా ఏడ్చేది. ఆ ఏడుపుకి తోడు పిచ్చుక ఏడుపు. ఆ రెండు గదుల ఇంట్లో వేరే చప్పుడే లేదు.

గురువారం ఆస్పత్రిలో నర్సమ్మ పాపని తూకంలో పడుకోబెట్టి పెదవి విరిచింది.

"ఈ వారం ముల్లు కదల్లేదమ్మా. అదేదో పొడి ఉందన్నావు, తింటున్నావా?"

"తింటున్నానండి."

"పొడి మాట సరే, అన్నం తింటున్నావా? ఎవరు వండిపెడుతున్నారు?"

పిచ్చుక తల దించుకుంది. నర్సమ్మకి లోకం తెలుసు, గుచ్చి అడగలేదు. "సోమవారం రా. అప్పటికీ పెరగకపోతే డబ్బాపాలు కలుపుదాం. అందులో తప్పేమీ లేదులే," అంది.

తప్పు లేదని పిచ్చుకకీ తెలుసు. కానీ తన పాలే పట్టాలన్న ఆశ చావలేదు. ఇంటికి వచ్చీ రాగానే చెంచా పట్టుకుని డబ్బా మూత తీసింది. పొడిలో సన్నటి పురుగు పాకుతోంది.

పాపని చంకనేసుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని ఆదరాబాదరా బస్సెక్కి అమ్మ పనిచేసిన మరకి వెళ్ళింది. అమ్మతో కలిసి పనిచేసిన మర బాబాయి నెత్తి నుంచి కాళ్ళ దాకా పిండి కొట్టుకుని ఉన్నాడు.

"పురుగు పైపైనే పట్టింది. అయినా ఇది పారెయ్, కొత్తది కొట్టిస్తా," అన్నాడు.

"వద్దు బాబాయ్. అమ్మ చేత్తో కొట్టింది. జల్లించి ఇవ్వు, ఒక్క రవ్వ కూడా పోకూడదు."

బాబాయి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"మీ అమ్మ ఎక్కడ కొట్టిందే తల్లీ. అప్పటికి లేచి కూర్చోవడమే కష్టం. కొట్టింది నేను. తను ఫోనులో చెబుతుంటే ఇక్కడ వేయించాను. మెంతులు కాస్త మాడాయి. చిటపటలు వినే పట్టేసింది. 'మాడ్చావు కదూ? అసలే అది పిచ్చుక. చేదు తగిలితే రెండో ముద్ద ముట్టదు. పారేసి మళ్ళీ వేయించు,' అని ఒకటే రుసరుసలు. సరేనన్నాను. బద్ధకించి అదే పోసి పంపేశాను. ఆ అబద్ధం ఇన్నాళ్ళూ నా కడుపులోనే ఉంది."

పిచ్చుకకి ఒళ్ళు మండిపోయింది. అమ్మ చెయ్యి అనుకుని ఇన్నాళ్ళు దాచుకున్నది బాబాయి బద్ధకాన్నా! బాబాయి పైపొర తీసి పారేసి, అడుగున శుభ్రంగా ఉన్నదాన్ని జల్లించి, మళ్ళీ కాస్త వెచ్చచేసి ఇచ్చాడు. ఆమె విసురుగా అందుకుని బస్సెక్కింది. దారంతా ఆ డబ్బాని కిటికీలోంచి గిరాటేద్దామనే అనుకుంది. విసరలేదు.

ఇంటికి వచ్చి అన్నం వండింది. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని మొదటి ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. చేదు. నాలుక వెనక్కి లాగేసే చేదు. అమ్మ భయపడింది సరిగ్గా దీనికే.

"మాడిందే అమ్మా," అంది పైకే. ఎదురుగా ఎవరూ లేరు. దుఃఖం పొంగుకొచ్చింది, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. రెండో ముద్ద ముట్టదని కదూ పందెం వేసింది? పిచ్చుక రెండో ముద్ద తింది. మూడోది తింది. కళ్ళు తుడుచుకుంటూ కంచం ఖాళీ చేసింది. ఆ పూటా, ఆ తర్వాత ప్రతి పూటా పొయ్యి వెలిగించింది.

సోమవారం ముల్లు కదిలింది. పెద్దగా కాదు. నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"పరవాలేదే. డబ్బాపాల సంగతి తర్వాత చూద్దాం. ఎవరు వండారు?"

"నేనేనండి."

"తినకుండా లేచిపోయే రకంలా ఉన్నావు. మరి కూర్చోబెట్టి ఎవరు తినిపించారు?"

పిచ్చుక పాపకి గుడ్డ చుట్టి భుజాన వేసుకుంది.

"మా అమ్మ," అంది.