గాలి పట్టిన మూల

కృష్ణమ్మ బ్లేడు మొనను ఆనించి, విమానం తోక అంచున మిగిలిన పిసురును ఒక్క గీతలో తీసేసింది. పిసురంటే అచ్చు రెండు పలకల సందులోంచి పొంగి ఆరిపోయిన ప్లాస్టిక్ పొర. ఉల్లిపొర కంటే పలచన. కంటికి ఆనదు, బొటనవేలికి తెలుస్తుంది. ఆమె బొటనవేలు ఈ పనిలో అరిగి అరిగి ఎంత నున్నబడిందంటే, రేషన్ కొట్లో వేలిముద్రల మెషిన్ ఆమెను మనిషిగా ఒప్పుకోవడం ఎప్పుడో మానేసింది.

తిరువళ్ళూరు పక్కన కాక్కలూరు ఎస్టేట్‌లో రేకుల షెడ్డు అది. ఎప్పుడూ సబ్బుపెట్టెలు, దువ్వెనలు, బకెట్ల పిడులు పోస్తారు. తమిళుల ఆడి మాసం మొదలైనప్పటి నుంచి మాత్రం విమానం పోస్తున్నారు. సైన్యంలో మనుషులనూ సామాన్లనూ మోసే లావుపాటి విమానం, రెక్కలకు నాలుగు పంకాలు. ఫ్రేములకు అతుక్కుని ముక్కలుగా వస్తుంది; కొనుక్కున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని ముక్కలు కత్తిరించి బంకతో అంటించుకోవాలి. ముప్పై ఏళ్ళ కిందట ఇదే షెడ్డులో కొంతకాలం పోసి ఆపేసిన కిట్టు. ఇప్పుడు చెన్నై కంపెనీ ఒకటి ఆ పాత అచ్చును కొని, కొత్త అట్టపెట్టె అచ్చు వేయించి, మళ్ళీ బజారులోకి తెస్తోంది. పిల్లల కోసం కాదట. చిన్నప్పుడు కొనుక్కోలేక చూపులతో సరిపెట్టుకున్న పెద్దవాళ్ళ కోసమట.

గ్రీజు పూసి గోనెపట్టలో చుట్టిన అచ్చు లారీ దిగిన రోజే కృష్ణమ్మ గుర్తుపట్టింది. అందరూ దగ్గరికి వెళ్ళి చూశారు, ఆమె వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఈ విమానానికి పిసురు తీసినవాళ్ళలో షెడ్డులో మిగిలింది ఆమె ఒక్కతే.

ఫ్రేములో ఒక మూల సిపాయిలు వరసగా ఉంటారు. విమానం కడుపులో బల్ల మీద కూర్చోబెట్టాల్సిన మనుషులు, ఒక్కొక్కడు వేలి కణుపంత. అందరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తుంటారు. చివరివాడు మాత్రం చూడడు. వాడికి బూట్లు, మోకాళ్ళు, చేతులు, బెల్టు అన్నీ కుదురుగానే వస్తాయి. ఛాతీ దగ్గర రూపు చెదిరి, భుజాలకు వచ్చేసరికి అరిగిన సబ్బులా నున్నగా ఆగిపోతాడు. తల ఉండదు.

“మళ్ళీ అదే,” అన్నాడు మెషిన్ నడిపే శశికుమార్, వేడి ఫ్రేమును ఆమె బల్ల మీద పడేస్తూ. “వేడి పెంచినా వినల్యా, ఒత్తిడి పెంచినా వినల్యా. ఆ మూల గాలి పట్టిందక్కా. గాలి బయటికి పోతే గదా ప్లాస్టిక్ లోపలికి పొయ్యేది.”

అచ్చు మూసుకునేటప్పుడు లోపల గాలి చిక్కుకుంటే ముక్క నిండదు. ఈ పనిలో రోజూ అనుకునే మాటే. అయినా ప్యాకింగ్ బల్ల దగ్గరి ఆడవాళ్ళు చేతులు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెల్లవారితే ఆడి అమావాస్య, పోయినవాళ్ళకు నీళ్ళు వదిలే రోజు. ఇళ్ళల్లో గాలి పట్టిందంటే అర్థం వేరు.

కృష్ణమ్మ తల ఎత్తలేదు. ఆ మాట పొద్దున్నుంచీ ఆమె చెవిలోనే ఉంది.

పొద్దున తిరుత్తణి స్టేషన్‌కు ఆమెను స్కూటర్ మీద దింపింది దినకర్, చనిపోయిన అన్న కుప్పుస్వామి కొడుకు. దింపి వెళ్ళిపోకుండా ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు. అతని భార్య మనస్వికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది.

“అత్తా, జయరామ చిన్నాయనకు కర్మ జరగలేదు గదా, ఆ గాలి ఇంటినే పట్టుకొని ఉండాదంట. జోస్యం చెప్పే ఆయన అంటాండాడు. రేపు దర్భతో బొమ్మ చేసి కాల్చేస్తే పోతాదంట. నువ్వు ఊ అంటేనే.”

“బతికినోణ్ణి కాలుస్తారా?”

“బతికుంటే ఇన్నేండ్లు యాడుంటాడత్తా?” దినకర్ గొంతు పెంచలేదు. అదే ఆమెకు కష్టమనిపించింది. “సాయంత్రానికి చెప్పు. ఆ పిల్ల రాత్రి నిద్రపోల్యా, కడుపు మీద నుంచి చెయ్యి తీయల్యా. నాకు భయంగా ఉండాది.”

రైలు వచ్చింది. ఎప్పటి మాదిరే కృష్ణమ్మ కిటికీ సీటు మీద అన్నం సంచి పెట్టి, పక్క సీట్లో తాను కూర్చుంది. కొత్తవాళ్ళెవరైనా ఆ సీటు అడిగితే “ఆళ్ ఇరుక్కు” అంటుంది, మనిషి ఉన్నాడని. అరక్కోణం దాటినా ఆ మనిషి రాడు. రోజూ ఎక్కేవాళ్ళకు అలవాటైపోయి అడగడం మానేశారు.

ఆ సీటు జయరామది. ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి చంకలో బిడ్డ. కట్టుకున్నవాడు ఇంకో ఇల్లు చూసుకున్నాక పుట్టింటికి తిరిగొచ్చిన కృష్ణమ్మకు వాడే బిడ్డయ్యాడు. మొదటిసారి ఈ కిట్టు పోసిన రోజుల్లో, గ్రైండర్‌లోకి పోవాల్సిన ముక్కలు కొన్ని మేస్త్రీని అడిగి వాడి కోసం ఇంటికి తెచ్చింది. వాడు బడి నుంచి రావడం, బంక సీసా ముందేసుకుని కూర్చోవడం. అప్పుడూ చివరివాడికి తల లేదు. తల లేనోణ్ణి ఎట్లా కూర్చోబెట్టేదని ఆ ఒక్క చోటూ ఖాళీగా వదిలేశాడు.

“ఉండనీలే అక్కా. ఆ సీటు నాది,” అన్నాడు.

కృష్ణమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

వాడు పెద్దయి ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. అట్లాంటి విమానంలోనే, సరుకు ఎక్కించి దించే పని. ఒక వానాకాలం ఉత్తరాది కొండల మీద ఆ విమానం మబ్బులోకి పోయింది, ఇవతలికి రాలేదు. వెతికారు. రెక్క ముక్కా దొరకలేదు, మనిషీ దొరకలేదు. శవం దొరకనివాళ్ళకు దర్భతో బొమ్మ కట్టి దహనం చేయడం ఆనవాయితీ. కర్మ చేయించే ఐరు వచ్చాడు, దర్భ వచ్చింది. కృష్ణమ్మ వాకిలికి అడ్డం కూర్చుంది. “వాణ్ణి తెచ్చి నా ముందర పెట్టండి. అప్పుడు కాల్చండి,” అంది. పెంచిన చేతుల మాట, ఎవరూ కాదనలేకపోయారు. ఇన్నేళ్ళయినా ఆ మాట అట్లాగే ఉంది, ఇప్పుడు మనస్వి కడుపు మీద బరువుగా.

బాగా రాని ముక్కలను నీలం తొట్టిలో వేయాలి. వాటిని గ్రైండర్‌లో నూకలు చేసి, కొత్త గింజల్లో కలిపి, మళ్ళీ కరిగించి పోస్తారు. తల రానివాడు నూకై, కరిగి, మళ్ళీ అదే మూలకు వచ్చి, మళ్ళీ మెడ దగ్గరే ఆగిపోతాడు. కృష్ణమ్మకు అది చూడబుద్ధి కాలేదు. ఫ్రేము తొట్టిలో వేసేముందు చివరివాణ్ణి మాత్రం తుంచి, రుమాలులో పక్కన పెడుతోంది.

“ఏందక్కా, తలలేనోళ్ళతో పటాలం కడతాండావా?” అన్నాడు శశికుమార్.

“వాళ్ళయితే ఎదురు మాట్లాడరు గదా,” అంది కృష్ణమ్మ. శశికుమార్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అన్నాల వేళ దాటాక అచ్చు తుడవడానికి మెషిన్ ఆపారు. శశికుమార్ స్ప్రే డబ్బా కోసం స్టోర్ రూముకు వెళ్ళాడు. మెషిన్ ఆగితే షెడ్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం. కృష్ణమ్మ లేచి, ఇన్నాళ్ళూ దగ్గరికి పోని ఆ అచ్చు ముందు నిలబడింది.

ఉక్కు పలకలు రెండూ నోరు తెరుచుకుని ఉన్నాయి. నూనె వాసన, మొహానికి సెగ. పలకలో సిపాయిల గుంటలు వరసగా కనిపించాయి. అచ్చులో మనిషి ఉండడు, మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. ఆమె చివరి గుంట మీదికి వంగింది. పలకంతా చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ గుంటలోంచి మాత్రం చెంపకు చల్లగా తగిలింది. సన్నగా, ఆగి ఆగి, ఎవరో ఊపిరి తీసినట్టు. వాన ముందు కొండ మీద నుంచి దిగే చలి అది. కృష్ణమ్మ భయపడింది, కానీ వెనక్కి జరగలేదు.

“జయరామా,” అంది మెల్లగా. “ఎంత కాలంరా ఈ మూల? నన్ను నువ్వు పట్టుకోలేదురా, నేనే నిన్ను పట్టుకోనుంటి. ఆ పిల్ల కడుపులో బిడ్డ ఉండాది. వాళ్ళకు చోటియ్యల్ల. పోయిరా నాయనా.”

చెంప మీద చలి ఆగిపోయింది.

“ఏందక్కా, మంత్రం వేస్తాండావా?” శశికుమార్ వచ్చి స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, మెషిన్ తలుపు మూశాడు. పలకలు కలిశాయి. కాసేపటికి విడిపోయాయి. ఫ్రేము తీసి చూసి అతను ఎగిరి గంతేశాడు. “నిండిందక్కా! స్ప్రేకే లొంగినాడు సూడు!”

చివరివాడికి తల వచ్చింది. మిగతా అందరూ ఎదురుగా చూస్తుంటే వీడొక్కడూ ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉన్నాడు. కిట్టుతో పాటు వేసే కాగితం మీది బొమ్మలో అందరూ ఎదురుగానే చూస్తున్నారు, వీడితో సహా. శశికుమార్ కాగితాన్నీ ఫ్రేమునూ మార్చి మార్చి చూశాడు. కృష్ణమ్మ చూడలేదు, బొటనవేలితో తడిమింది. గడ్డం భుజానికి ఆనించి ఓరగా తిరగడం. వెనక నుంచి ఎప్పుడు పిలిచినా జయరామ అట్లాగే తిరిగేవాడు, ఒళ్ళంతా తిప్పడానికి బద్ధకం. అచ్చు గుద్దినట్టు వాడే.

తర్వాతి ఫ్రేములో తల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. శశికుమార్ ఉత్సాహం చల్లారిపోయింది.

“ఇది నాకియ్యి శశీ.”

“తీసుకో అక్కా. నాకు దాన్ని చూస్తే ఏమో మాదిరి ఉండాది.”

ఆమె వాణ్ణి కత్తిరించి, పిసురు తీసి, గుప్పిట్లో పెట్టుకుంది. బయటికి వచ్చి దినకర్‌కు ఫోన్ చేసింది.

“సరిరా. రేపు కానీండి.”

“నిజంగానా అత్తా? సరి, సరి. నేను దర్భ కొనుక్కోనొస్తా.”

“బొమ్మ నేనే తెస్తా.”

“బొమ్మ ఐరు కట్టేస్తాడు గదత్తా. నీకెందుకు కష్టం?”

“నేనే తెస్తా అంటి గదా.”

అత్త తన చేత్తోనే దర్భ బొమ్మ కట్టాలనుకుంటోందని దినకర్ అర్థం చేసుకున్నాడు. ఏడుస్తూనే సరేనన్నాడు. ఏమన్నారు, ఏమన్నారు అని వెనక నుంచి మనస్వి అడగడం కృష్ణమ్మకు వినబడింది. చాలా రోజులకు ఆమెకు ఛాతీ తేలికగా అనిపించింది. స్టేషన్ మెట్లు దిగేటప్పుడు అదే ఛాతీలో ఎక్కడో సన్నగా పట్టేసింది, ఆమె లెక్కచేయలేదు.

సాయంత్రం రైలు తిరుత్తణి కొండకు పోయే కావళ్ళవాళ్ళతో నిండి ఉంది. పసుపు బట్టలు, పూల వాసన, నడవలో కూడా మనుషులు. కృష్ణమ్మ అలవాటుగా కిటికీ సీటు మీద సంచి పెట్టింది. ఏమనుకుందో, తీసి ఒళ్ళో పెట్టుకుంది. సీటు ఖాళీ అయింది. అంత రద్దీలోనూ అందులో ఎవరూ కూర్చోలేదు, ఎవరూ అడగలేదు కూడా.

కడంబత్తూరు దాటాక ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి. తిరువాలంగాడు దగ్గర పెట్టెలో దీపాలు ఆరి వెలిగాయి. పక్క సీటు కిర్రుమంది. చెంపకు అదే చలి తగిలింది, ఈసారి బట్టల వాసనతో కలిసి, ఎండలో ఆరేసిన యూనిఫాం వాసన. కృష్ణమ్మ కళ్ళు తెరవలేదు.

“ఆళ్ ఇరుక్కు,” అంది, ఎవరూ అడక్కుండానే.

తిరుత్తణిలో అందరూ దిగారు. స్కూటర్‌కు దర్భకట్ట తగిలించి ఎదురుచూస్తున్న దినకర్‌కు అత్త కనబడలేదు. పెట్టె ఎక్కి చూస్తే సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుని చూశాడు, నాడి లేదు. పక్కనే మల్లెపూలు అమ్మే ఆమె గంప దించి నిలబడి ఉంది.

“ఎంత లేపినా లేవలేదు నాయనా. నేను అరక్కోణంలో ఎక్కినప్పుడు నిద్రపోతా ఉండె, కిటికీ పక్కన ఉండే ఆయన భుజం మీద తల పెట్టుకోని. కొడుకేమో, లేపుకోని పోతాడులే అనుకొంటి.”

“ఎవరాయన?”

“మొహం సరిగా కనబడల్యా. ఎడమ పక్కకి తిరుక్కోని వెనక్కి చూస్తా ఉండె. దిగింది నేను చూడల్యా.”

అత్త గుప్పిలి ఒళ్ళో తెరుచుకుని ఉంది, అందులో ఏమీ లేదు. దినకర్ సంచి వెతికాడు. ఖాళీ టిఫిన్ డబ్బా, రుమాలులో మూటకట్టిన తలల్లేని సిపాయిలు. తెస్తానన్న బొమ్మ ఇదేనా అనుకుంటూ మూట మళ్ళీ కట్టేశాడు.

అత్త ఒక్కతే ఉండే ఇల్లు, పొద్దున్నుంచి తాళం వేసి ఉంది. ఆమె నడుముకున్న తాళంచెవి తీసి తెరిచాడు. తెలిసినవాళ్ళు ఆమెను తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టడానికి ఒక స్టూలు అడ్డం వచ్చింది. దాని మీద జయరామ అంటించిన పాత విమానం, వెనక తలుపు తెరుచుకుని. చిన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోవడానికి దినకర్‌కు అనుమతి లేదు. రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తాడు. తలుపులోంచి బంక వాసన గుప్పున వచ్చింది. లోపలికి చూసి, దాన్ని మెల్లగా అత్త ముందే దించాడు.

ఫోన్ మోగింది. ఐరు. “ఏమప్పా, రేపు బొమ్మ కట్టేది ఉండాదా, లేదా?”

“వద్దు సామీ,” అన్నాడు దినకర్. “బొమ్మ మా అత్తే తెచ్చేసినాది.”

విమానంలో తలుపు పక్క, ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న చివరి సీటులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి. దినకర్ వేలు చాపి తాకాడు. బంక ఇంకా తడిగానే ఉంది.