ఇంటికంటే ముందొచ్చిన తలుపు

నేను ఒక టేకు తలుపును. ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు: అత్తగారు చిట్టెమ్మ, ఏడో నెల కోడలు అనసూయ, ఆమెను పురిటికి తీసుకెళ్ళడానికి పుట్టింటి నుంచి వచ్చిన అన్న సుబ్బారాయుడు. అనసూయ భర్త వీరాస్వామి నీళ్ళ కోసం కాలవ మీద కాపలా ఉన్నాడు. నన్నెవరూ లెక్కలో వేసుకోరు గాని, నేనూ ఉన్నాను.

నేను పుట్టింది గోదావరి పక్కన. వడ్రంగి నన్ను చిత్రిక పడుతుంటే ఏటిగాలి పొట్టును ఎగరేసుకుపోయేది. వాటాకొచ్చిన కాస్త పొలం చాలక, వీళ్ళు ఇల్లు అమ్ముకుని తుంగభద్ర కాలవ కింద పొలం కొన్నారు. ఇల్లు అమ్మారు గాని, చిట్టెమ్మ నన్ను మాత్రం ఊడదీయించి లారీ ఎక్కించింది. మావైపు నుంచి వలసొచ్చిన రైతులు గుడిసెలేసుకున్న క్యాంపులో దిగగానే అక్కడి రైతు బసమ్మ నవ్వింది.

"ఇల్లు లేదు, వాకిలి తెచ్చినారే."

నిజమే. నా ఎత్తు చూసుకుని తర్వాత మట్టిగోడలు లేపారు. మనుషులు ఇంటికి తలుపు పెడతారు. వీళ్ళు తలుపుకి ఇల్లు పెట్టారు.

కాలవ చివరి పొలానికి నీళ్ళు రావని, జొన్న వేసుకోమని బసమ్మ చెప్పింది. "మేం వరి తినేవాళ్ళం" అన్నాడు వీరాస్వామి. రెండేళ్ళూ వరి ఎండింది. రెండో ఏడు అనసూయకు నొప్పులొచ్చిన రోజున వాన. నల్లరేగడి దారిలో బండి దిగబడిపోయింది. బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి సాయంత్రాలు ఆమె నాకు ఆనుకుని కూర్చుని తూర్పుకేసి చూసేది. నేనూ అటే చూసేదాన్ని. ఇద్దరికీ ఆ ఏటిగాలే కావాలి.

తీరా అన్న రైలు దిగి బండి కట్టించుకుని వస్తే ఆమెకు కాళ్ళు కదలలేదు. ఈ ఏడు నారుమడికి బిందెలతో నీళ్ళు మోసింది తనే. ఈసారీ పంట పోతే పొలం వదులుకోవలసిందే. ఒకసారి పచ్చడి జాడీ మరిచానంటూ బండి దిగి వచ్చింది. ఇంకోసారి దువ్వెన అంది. ఆ తర్వాత ఏ సాకూ దొరక్క, దిగొచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"అత్తయ్యా, నాట్లయ్యాక ఎల్తాను. మీ ఇద్దరి వల్లా కాదు."

"రెండేళ్ళనించీ మా ఊరు, మా ఊరని నా పేణం తీసేవు. బండి గుమ్మంలో ఉంటే ఇప్పుడు నారంటావేంటే?"

"ఊరెక్కడికి పోద్ది? నారు ముదిరిపోద్ది."

"వానొచ్చేలాగుంది. నారు పోతే ఎవర్నన్నా అడిగి తెచ్చుకుంటాను. నువ్వు పోతే నిన్నెక్కణ్ణించి తెచ్చుకోను?"

బండి దగ్గర సుబ్బారాయుడు గొంతు సవరించుకున్నాడు. అనసూయ లోపలికి అడుగు వేయబోయింది. చిట్టెమ్మ నన్ను ఆమె ముఖం మీదే మూసి గడియ పెట్టింది.

కుక్కల్నీ ఈదురుగాలినీ ఆపాను గాని, ఇంటి మనిషిని ఆపడం నాకు అదే మొదలు. బయట ఆమె అరచెయ్యి నా మీద ఆనింది, తట్టలేదు. లోపల ముసలామె నాకు వీపు ఆనించి నిలబడింది, తనే మళ్ళీ గడియ తీసేస్తుందేమోనని.