వెల్లుల్లి నూనె

ఆ సోమవారం పొద్దున కుక్కర్ కూత నాకు వినబడలేదు. కుడివైపు పిండి గ్రైండర్ తిరుగుతుంటే, పొయ్యి పక్కనే నిలబడి వంకాయలు కోస్తున్నాను. కుక్కర్ నా ఎడమవైపు ఉంది. మాడు వాసన వచ్చి చూస్తే పప్పు అప్పటికే అడుగంటింది. మా ఆయన శ్రీశైలం ముందుగదిలోంచి పేపరు పట్టుకునే వచ్చారు. "ఐదు కూతలేసింది. చెవులల్ల ఏం పెట్టుకున్నవ్?" అన్నారు. ఐదు కూతలూ లెక్కపెట్టిన మనిషి మూడో కూతకు లేచి స్టవ్ కట్టేయవచ్చు. స్టవ్ కట్టేసి కుక్కర్ దించాను. చెవిలో పెట్టుకున్నది దూది. జుట్టు కింద ఉంది కాబట్టి ఆయనకు కనబడలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయిందని ఆ రోజే నాకు అర్థమైంది. అమ్మ పోయి అప్పటికి ఇరవై మూడు రోజులు.

వైరాలో అమ్మ దినాలప్పుడే జలుబు పట్టింది. ఏడ్చినందుకు వచ్చిందనుకున్నాను. తిరిగి కారేపల్లి వచ్చేసరికి చెవిపోటు మొదలైంది. అమ్మ వస్తువుల్లో నేను తెచ్చుకున్నది ఒక్కటే, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె. పాత దగ్గుమందు సీసాలో పోసి, మూత పోతే గుడ్డ పేలిక బిరడాగా పెట్టింది. చిన్నప్పుడు చెవి నొచ్చిందంటే నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెంచాలో ఆ నూనె వెచ్చజేసి, ముందు తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూసి, అప్పుడు నా చెవిలో వేసేది. నేనూ అలాగే ముంజేతి మీద చుక్క వేసుకుని చూశాను. ఒడి లేదు కాబట్టి దిండు మీద పక్కకు తిరిగి పడుకుని నాకు నేనే వేసుకున్నాను. రెండో రోజు చెవిలో ఏదో చిట్లినట్టయి నొప్పి చప్పున తగ్గింది. అమ్మ చెయ్యి ఇంకా నా మీద ఉందనిపించింది. దిండు మీది పసుపుపచ్చ మరకను నూనె మరకనుకుని ఉతికేశాను. రోజూ రెండు చుక్కలు వేస్తూనే ఉన్నాను.

నిజం చెప్పాలంటే, వినబడకపోవడం మొదట నాకు హాయిగానే ఉంది. అన్నాల దగ్గర ఆయన నా ఎడమవైపు కూర్చుంటారు. ఉప్పు తక్కువైందనో, చొక్కాకు బొత్తాం లేదనో ఆయన అంటున్నవన్నీ ఎక్కడో దూరంగా, నీళ్ళలోంచి వస్తున్నట్టుండేవి. "తల్లి సచ్చిన దుఃఖం గాదది, పొగరు. పిలిస్తే పలుకది" అని మా అత్తమ్మ భద్రమ్మ పక్కింటావిడతో అన్న మాట మాత్రం కుడి చెవికి బాగానే వినబడింది. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో నా చెవులు ఎప్పుడూ ఎవరో ఒకరి పిలుపు కోసం నిలబడి ఉన్నాయి. ఒకటి సెలవు పెట్టిందని సరిపెట్టుకున్నాను.

నేను పాఠాలు చెప్పే బడిలో అలా కుదరలేదు. తండా పిల్లల గొంతులు నాకు కావాలి. హాజరు పిలిచినప్పుడు ఎవరు పలికారో తెలియక, "పేరు పిలిస్తే లేచి చెయ్యెత్తాలి" అని కొత్త పద్ధతి పెట్టాను. కుర్చీని గోడవైపు జరిపి కుడి చెవి పిల్లల వైపు ఉండేలా కూర్చున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం వండే మంగ్లి ఒకరోజు గంటె పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"టీచరమ్మా, ఎల్లిగడ్డ వాసన నా గంజులకెళ్ళి వస్తలేదు. నీ దిక్కుకెళ్ళి వస్తుంది."

"చెవిలో కొంచెం నూనె వేసుకున్న, అంతే."

"అంతేనా? మా బిడ్డ సోనికి చెవి కారితే నూనె పొయ్యొద్దు, పిన్నీసు పెట్టొద్దు, దవాఖానకు తోల్కపో అని మూడు దినాలు నా ఎంటబడితివి. కూలి పోతదంటే కూడ ఇనలేదు. నీ చెవికి ఏరే దేవుడున్నడా ఏంది?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆ పాఠం నేనే చెప్పాను. బోర్డు మీద చెవి బొమ్మ గీసి మరీ చెప్పాను.

మా అమ్మ ఆదెమ్మకు పెళ్ళైన కొత్తలో మొదలైన చెవి చీము చివరిదాకా కారుతూనే ఉంది. రెండో చెవీ మెల్లగా మందగించింది. నాన్న ఆమెను పేరుతో పిలవడం మానేసి "ఓ చెవిటిదానా" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. చదువుకుని టీచరునయ్యాక కూడా నేను ఫోన్లో "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని విసుక్కున్నాను. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. ఆమెకు ఏ మేరకు వినబడిందో తెలియదు. మంగ్లి మాటతో నేనూ అమ్మలాగే అవుతానన్న భయం పట్టుకుంది.

శనివారం ఖమ్మం వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను.

"ఒక్క చెవి కోసం ఖమ్మం దాకనా? రెండోది మంచిగనే ఉంది గదా" అన్నారు ఆయన.

"మరి వంట?" అంది అత్తమ్మ.

"బియ్యం డబ్బాలో ఉన్నయి అత్తమ్మా" అన్నాను. ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఖమ్మంలో చెవి డాక్టరు నాకంటే చిన్నావిడ. లైటు వేసి చూసి, దూదితో తుడిచి, రెండు కొమ్ముల చిన్న ఇనుప శ్రుతిదండాన్ని మోగించి నా నడినెత్తి మీద ఆనించింది. "ఎటువైపు వినబడుతుంది?"

ఎడమవైపు వినబడింది. చచ్చిపోయిందనుకున్న చెవిలో గుయ్యిమని మోగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"భయపడకండి మేడం. లోపలి నరం బాగుంది. జలుబు వల్ల లోపల చీము పట్టి చెవిపొరకు చిన్న చిల్లు పడింది. చీము బయటికొచ్చింది కాబట్టి నొప్పి తగ్గింది. నూనెతో కాదు. బాగున్న చెవిలో గుబిలి గట్టిపడితే రెండు చుక్కలు మెత్తబరుస్తాయేమో. కారే చెవిలో మాత్రం నూనె వద్దు, నీళ్ళూ వద్దు. జ్వరమొచ్చినా, తల తిరిగినా, చెవి వెనక వాచినా ఆ రోజే రావాలి." తర్వాత, "నూనె ఎవరు వేయమన్నారు?" అని అడిగింది.

"మా అమ్మ."

"ఆమెకు చెవులు బాగానే ఉన్నాయా?"

"లేవు" అన్నాను.

మాత్రలు పది రోజులు వాడాను. స్నానానికి వాసెలిన్ రాసిన దూది పెట్టుకున్నాను. నెలన్నర తర్వాత మళ్ళీ వెళితే చిల్లు పూడిందన్నారు. మరునాడు కుర్చీని మళ్ళీ మామూలు చోటికి జరిపి, కూర్చునే పలకమని పిల్లలకు చెప్పాను. ఎడమవైపు కిటికీ దగ్గర్నుంచి సోని "ఉన్న టీచర్" అంది. ఒకసారి విన్నాక కూడా ఆ పేరు మళ్ళీ పిలిచాను. "ఉన్న అన్న గదా టీచర్!" అంది.

ఇంట్లో ఇప్పుడు కుక్కర్ మూడో కూత బాగా వినబడుతుంది. పేపరు చదివే మనిషికి కూడా వినబడుతుందని నాకు తెలుసు కాబట్టి, నేను వేరే పనిలో ఉంటే లేవడం లేదు. రెండుసార్లు పప్పు మాడింది. మూడోసారి ఆయన లేచారు.

అమ్మ నూనె సీసా వంటింటి అలమరలో, గుడ్డ బిరడాతో అలాగే ఉంది. అందులో ఇంకా సగం నూనె ఉంది. దాన్ని నేను ఇంకా పారబోయలేదు.