ఫలకం కింద కుట్టుమిషను

పెద్దవీధిలోని మామగారి పాత మేడ పంపకాల్లో మరిదికి వెళ్లింది. దాని కింది గదిలో వదిన ఏళ్ల తరబడి బట్టలు కుట్టింది. నిరుడు మేడకు మరమ్మతులంటూ మరిది ఆమెను వెనకసందులోని రేకుల గదిలోకి నెట్టాడు. కాలితో తొక్కే ఆమె మిషను మాత్రం అందంగా ఉందని అక్కడే అట్టేపెట్టుకున్నాడు. సందులోకి బేరాలు రాలేదు. ఎలా వస్తాయి? కుక్క కూడా వెనకాముందూ చూసి వచ్చే సందు అది. వదినకు కావలసిందల్లా తన గది తనకు. అడిగితే ఇవ్వడు, పీనాసి!

అలాంటివాడు ఇవాళ పొద్దున్నే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బాగున్నావా వదినా?"

"చావలేదులే. పనేంటో చెప్పు."

ఊళ్లో పాత కట్టడాలను బాగుచేసినవాళ్లకిచ్చే బహుమతికి అతని మేడ పోటీలో ఉంది. చూడ్డానికి మధ్యాహ్నం వస్తున్నారు.

"పాత గోడలొక్కటే చాలవట. పాత మనుషులు కూడా అక్కడే పని చేసుకుంటుండాలట. కాసేపు కూర్చో. వాళ్లటు వెళ్లగానే నువ్విటు వచ్చేద్దువుగాని."

వదినకు ఒళ్లు మండిపోయింది. తరిమేసినవాడే ఇప్పుడు బొమ్మలా కూర్చోమంటాడా! అయినా వస్తానంది. వాళ్ల ముందే వీడి బండారం బయటపెట్టాలని.

మధ్యాహ్నం వెళ్లేసరికి మేడ కింది గది తళతళలాడుతోంది. మిషను మీద చెయ్యి వేసింది. చక్రం కదల్లేదు. ఆ మహానుభావుడు చక్రం, సూది, పెడలు అన్నీ కలిపి దళసరిగా వార్నిషు కొట్టించాడు.

"ముట్టుకోకు, మరకలు పడతాయి!" అని కసిరాడు మరిది.

బహుమతివాళ్లు ముగ్గురొచ్చారు. అందులో పెద్దావిడ వదినను చూసి, "ఈవిడ ఇక్కడే కుడతారా?" అని అడిగింది.

"మా వదినండీ. ఈవిడ లేకపోతే ఈ మేడ ఎందుకండీ!"

ఛీ, ఏం నోరో! వదిన అసలు సంగతి కక్కేయబోయింది.

"మంచిది. మా షరతు గుర్తుందిగా?" అంది పెద్దావిడ మరిదితో. "ఈవిడ ఇక్కడున్నన్నాళ్లే గోడ మీద మా బహుమతి ఫలకం ఉంటుంది. ఈవిడను పంపించేస్తే ఊడబెరుక్కుని పోతాం. ఎందుకు పీకామో పేపర్లో కూడా వేయిస్తాం."

మరిది ఈ షరతు వదినకు చెప్పనే లేదు. వదినకు తెలియకపోతే తర్వాత ఎవరొచ్చి చూస్తారులే అనుకున్నాడు, దొంగ. వదిన తెరిచిన నోరు మూసుకుంది.

"ఈ సంచి పట్టీ ఊడిందమ్మా, కాస్త కుట్టిస్తారా?" అంది పెద్దావిడ.

మరిది గబుక్కున మిషనుకు అడ్డంగా జరిగాడు. వదిన తాపీగా సూదీదారం తీసింది.

"మిషను మొరాయించిందండీ. చేత్తో కుడతాను. రేపు మా మరిది కొత్తది కొనిస్తున్నాడు. అంతేగా బాబూ?"

"ఆ... అంతే వదినా."

బహుమతి ఖాయమని చెప్పి వాళ్లు వెళ్లారు. కారు మలుపు తిరగగానే మరిది పళ్లు కొరికాడు.

"నాటకాలు చాలు. ఇక లే."

వదిన కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుంది.

"నేను లేస్తే నీ ఫలకమూ లేస్తుంది. వెనకసందులో నా కత్తెర ఉండిపోయింది, వెళ్లి పట్టుకురా. రుమాలు మర్చిపోకు."