సూదమ్మ ‘ఏమో’

“ఇవాళ ఏదో అవుతుంది,” అంది సూదమ్మ, సగం లేచిన షట్టరు గర్రుమని ఆగిపోగానే.

“నిన్నా అదే అన్నావు. ఏమైంది?” పెద్దాయన షట్టరు కింద భుజం దూర్చాడు.

“నిన్న కాలేదని ఇవాళ కాకుండా పోతుందా?”

ఆయన నవ్వాడు. ఇద్దరూ కలిసి ఒక్క తోపు తోస్తే షట్టరు పైకి పోయింది. ఇరవై రెండేళ్లుగా వాళ్ల పొద్దు ఇలాగే మొదలవుతోంది.

అది పాత కంప్యూటర్ల భాగాలమ్మే కొట్టు. వెడల్పు బారెడు, పొడవు మాత్రం రైలు పెట్టెంత. ముందు కుర్చీలో యజమాని పెద్దాయన, వెనక దీపం కింద సూదమ్మ. పాత ప్రాసెసరు పొట్ట కింద వందల పిన్నులుంటాయి, దువ్వెన పళ్లకన్నా సన్నం. ఎవరి చేతిలోనో వంగిపోయి వచ్చినవాటిని భూతద్దం కింద పెట్టి, మొన అరగదీసిన కుట్టుసూదితో ఒక్కొక్కటే నిలబెట్టడం ఆమె పని. మొదట ఊడ్చడానికే వచ్చింది. మొగుడు పోయిన ఏడాది అది, నాలుగేళ్ల కూతురు చంకలో ఉండేది. ఎవరూ చూడనప్పుడు బట్టకు గుచ్చుకున్న సూది తీసి ఒక పిన్ను సరిచేసింది. ఆ రోజునుంచి వీధికంతటికీ సూదమ్మ.

చెయ్యి ఎంత నమ్మకమైనదో నోరు అంత పిరికిది. “ఈ పాతది కొనొచ్చా?” అని ఎవరడిగినా “ఏమో” అనేది. ఒకప్పుడు ధైర్యం చేసి “కొనండి” అంటే, వారం తిరక్కుండా అది మాడిపోయింది. కొన్నవాడు వీధంతా వినేలా తిట్టిపోశాడు. మళ్లీ ఆ మాట ఆమె నోట రాలేదు. “ఆవిడ ఏమో అందంటే కళ్లు మూసుకుని కొనుక్కోండి. పనికిరాకపోతే తల అడ్డంగా ఊపుతుంది,” అని పెద్దాయనే గిరాకీలకు అర్థం చెప్పేవాడు.

ఆ పొద్దున ఆయన కొత్త గొట్టం మూత తీశాడు. ప్రాసెసరుకూ దాని వేడి లాగే ఫ్యాను దిమ్మకూ మధ్య రాసే తెల్లటి ముద్ద అందులో ఉంటుంది. బొటనవేలికి అంటినదాన్ని తుడుచుకోకుండానే గోడవారన పేర్చిన ప్రాసెసర్ల ట్రేల మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“నాలుగింటికి తుక్కు కొనే ఆయన వస్తాడు. వీటిని తూకానికి అడుగుతున్నాడు. పిన్నుల మీది బంగారం తీస్తార్ట.”

సూది ఆగింది. ఆ ముప్ఫై ట్రేలలో ఆమె చెయ్యి తగలనిది ఒక్కటీ లేదు.

“నువ్వే చెప్పు. ఇంకా కొనదగ్గవేనా ఇవి? కొనొచ్చంటే ఉంచుతా. ఏమో అంటే మాత్రం ఇచ్చేస్తా. ఈసారి నీ మాటకు నేను అర్థం చెప్పను.”

ఆమె నోరు తెరిచింది. ఇవి పోతే తన బల్లా పోతుంది. ఉంచమన్నాక ఎవరూ కొనక కొట్టే మూతపడితే? నోరు మూసుకుంది.

“నాలుగు దాకా ఆలోచించుకో,” అన్నాడాయన.

మధ్యాహ్నం దాటాక అచ్చాఫీసు నడిపే ఆవిడ వచ్చింది. “మా కాగితాలు కోసే మిషను పాత కంప్యూటరు డబ్బా మాటే వింటుంది. దానికి ఈ నంబరు ప్రాసెసరే కావాలట. ఉందా?”

ఉంది, మూలనున్న ఒక పాత బోర్డులో, ఫ్యాను దిమ్మ కింద. ఏళ్లు గడిస్తే ఆ తెల్ల ముద్ద ఎండి రాయిలా పట్టేస్తుంది. అందుకే బోర్డును కాసేపు నడిపి, వేడెక్కాక, దిమ్మను అటూ ఇటూ తిప్పుతూ తియ్యాలి. చల్లగా ఉండగా లాగితే ప్రాసెసరూ దాంతోపాటే ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ఆ కొట్లో సూదమ్మ నేర్చుకున్న మొదటి పాఠం అదే. నేర్పింది ఆయనే.

ఆయన కరెంటు పెట్టలేదు. దిమ్మను రెండు చేతులా పట్టుకుని లాగేశాడు.

టక్కుమంది.

“చల్లగా ఉన్నదాన్ని లాగాను,” అన్నాడు, ఆ పని ఇంకెవరో చేసినట్టు. నుదుటి నిండా చెమట. ఎడమ చెయ్యి నలుపుకుంటున్నాడు.

“డాక్టరు దగ్గరికి వెళ్లండి పెద్దాయనా.”

“నిరుడు దగ్గితే క్షయ అన్నావు. మొన్న తుమ్మితే వీలునామా రాయమన్నావు,” అన్నాడాయన. అచ్చాఫీసు ఆవిడ పకపకా నవ్వి, ఐదింటికి వస్తానని వెళ్లింది. “పోయి సూది పట్టుకో,” అన్నాడు పెద్దాయన.

ఇంకోసారి చెబుదామనుకుంది. పొద్దున ఫోనులో బస్సు బోల్తా పడుతుందేమో జాగ్రత్త అంటే కూతురూ అంతే, “అమ్మా, బస్సు ఇంకా ఎక్కనే లేదు, అప్పుడే పడేశావా నన్ను?” అని నవ్వింది. తన భయాలన్నీ అలా నవ్వులపాలైనవే. ఇదీ అంతేనేమో. బల్ల దగ్గరికి వెళ్లింది.

పద్నాలుగు పిన్నులు వంగాయి. ముందునుంచి కుర్చీ కిర్రుమంది, గ్లాసు పెట్టిన చప్పుడైంది. తరవాత పైన తిరిగే ఫ్యాను చప్పుడొక్కటే. రెండుసార్లు తలెత్తి చూసింది. ఆయన భుజం కనిపించింది. మళ్లీ తల దించింది. పద్నాలుగోది నిలబడ్డాక ప్రాసెసరును ఇంకో బోర్డులో కూర్చోబెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది.

“పెద్దాయనా, బతికింది.”

లేచి ఆయన దగ్గరికి వెళ్లింది.

గోడకు తల ఆనించి ఉన్నాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఫ్యాను గాలి తప్ప మరేమీ తగల్లేదు. కళ్లజోడు తీసి, మడిచి, ఆయన జేబులో పెట్టింది.

అప్పుడే తుక్కాయన గోతంతో గుమ్మంలోకి వచ్చాడు. “కునుకు తీస్తున్నాడా? ట్రేల సంగతి ఇవాళ తేలుస్తానన్నాడే,” అని, ఆమె ముఖం చూసి గోతం కింద జారవిడిచాడు.

వీధిలో ఎవరో బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు.

“నిన్నడిగి చెబుతానన్నాడమ్మా,” అన్నాడు తుక్కాయన చివరికి, గొంతు తగ్గించి. “ఇంకా కొనదగ్గవేనా అని అడిగాడా?”

సూదమ్మ కుర్చీ వైపు తిరిగింది. ఆయన చెవికి వినబడాలన్నట్టు కాస్త వంగింది.

“కొనొచ్చు,” అంది.

పై ట్రే మూత మీద ఆయన బొటనవేలి ముద్ర తెల్లగా, ఇంకా పచ్చిగానే ఉంది.